సుబ్బారావు బంగారు మందు... మన పళ్లెం దాకా

గర్భం దాల్చిన ప్రతి మహిళకూ ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ మాత్ర. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర. రక్తక్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్. స్క్రబ్ టైఫస్ జ్వరంతో వచ్చిన రోగికి మేం మొదట రాసే డాక్సీసైక్లిన్. వేరువేరు జబ్బులకు వాడే ఈ నాలుగు మందుల మూలాలు వెతుక్కుంటూ వెళితే అమెరికాలోని ఒకే ప్రయోగశాలకు చేరతాం. ఆ ప్రయోగశాలలో పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

అదే ప్రయోగశాల నుంచి ఇంకో కథ కూడా మొదలైంది. అది ఆయన కన్నుమూసిన కొన్ని నెలలకే మొదలై కోళ్ల దాణాలోకి, పాలలోకి, రొయ్యల చెరువుల్లోకి, చివరికి మనం తినే అన్నంలోకి వచ్చి చేరింది. పశువులకు వాడిన మందుల అవశేషాలు ఆహారంలో మిగిలిపోవడం గురించి ఇప్పుడు తరచూ వింటున్నాం. ఆ సమస్య ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు భయపడాలో, ఇంట్లో ఏం చేయాలో అర్థం కావాలంటే సుబ్బారావు జీవితం నుంచి మొదలుపెట్టడమే మంచి దారి.

మూడో ప్రయత్నంలో మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. తండ్రి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందుగానే మానుకోవాల్సి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. కుర్రాడికి చదువు మీద మనసు నిలవలేదు. డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బతకొచ్చన్నది ఆలోచన. తల్లి దారిలోనే పట్టించి వెనక్కి తీసుకొచ్చింది. రాజమండ్రిలో కొంతకాలం, ఆపైన మద్రాసులోని హిందూ హైస్కూల్లో చదివి, మెట్రిక్యులేషన్ గట్టెక్కేసరికి అది మూడో ప్రయత్నం అయింది. పదో తరగతిలో మార్కులు తగ్గాయని పిల్లల్ని నిలదీసే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేయవచ్చన్న మాటకు తలొగ్గి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, ఆ తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు. 1919లో శేషగిరితో పెళ్లయింది.

అవి స్వాతంత్య్రోద్యమం ఊపందుకుంటున్న రోజులు. సుబ్బారావు ఖద్దరుతో కుట్టించిన సర్జరీ గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లారు. ఇంగ్లిష్ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఆయన చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ వచ్చింది. ప్రభుత్వ వైద్యసేవలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో అనాటమీ బోధించే పనిలో చేరారు.

ఇల్లు దాటని జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం డిగ్రీ కాదు, స్ప్రూ అనే జబ్బు. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచిన విరేచనాల వ్యాధుల కోవలోదే ఇదీ. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. ఈ జబ్బుతోనే సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు చనిపోయారు. ఆయనకూ వచ్చింది. అల్లోపతి వైద్యుల దగ్గర దీనికి మందు లేదు. ఆయుర్వేద మందులతో తేరుకున్నారు. ఈ జబ్బు ఎందుకొస్తుంది, ఏది లోపిస్తే వస్తుంది అన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి అమెరికా వెళ్లాలనుకున్నారు. మామగారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. 1920లు మొదలైన కొద్ది ఏళ్లకే బోస్టన్‌లో దిగారు. కొన్నేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు. గొప్పవాళ్ల జీవితాలు చెప్పుకునేటప్పుడు ఇంట్లో మిగిలిపోయినవాళ్లను మర్చిపోతుంటాం. శేషగిరమ్మ గారు ఎదురుచూసిన ఏళ్లను కూడా ఈ కథలో లెక్కించాలి.

నీలిరంగుతో కొలత

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు సుబ్బారావు. మంచాలు సర్దడం, రోగుల బెడ్‌పాన్లు తీయడం ఆ పనిలో భాగం. ఆ తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

అక్కడ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పెద్ద పని, రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే రంగు చిక్కగా, తక్కువుంటే పలచగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని బట్టి లెక్క కట్టవచ్చు. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని దశాబ్దాలపాటు ప్రపంచమంతా వైద్య కళాశాలల్లో నేర్పారు. మా తరం ఎంబీబీఎస్ విద్యార్థులు కూడా బయోకెమిస్ట్రీ రికార్డులో ఈ పేరు రాసినవాళ్లమే.

కంటికి కనిపించని కొద్దిపాటి పదార్థాన్ని రంగుగా మార్చి కొలవడం అనే ఈ ఆలోచన గుర్తుంచుకోండి. పాలలో మందు మిగిలిందో లేదో చూసే పరీక్షల దగ్గర మళ్లీ దీంతో పని పడుతుంది.

ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లో ఏముందో చూశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. మన ఒంట్లోని ప్రతి కణం వాడుకునే శక్తి నాణెం ఏటీపీయే. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన మొత్తానికీ డైరెక్టర్ అయ్యారు.

ఎనిమిదేళ్లలో నాలుగు మందులు

లెడర్లీలో ఆయన గడిపింది ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బృందాలు చేసిన పని ఒక జీవితకాలానికి సరిపోయేది.

మొదటిది ఫోలిక్ ఆసిడ్. కాలేయంలో ఉండే ఈ విటమిన్‌ను విడదీసి, 1945కల్లా ప్రయోగశాలలో తయారు చేశారు. స్ప్రూ రోగుల్లో రక్తహీనతను అది తగ్గించింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బు మీద ఇరవై ఏళ్లకు పైగా సాగిన వెతుకులాటకు దొరికిన జవాబు అది.

రెండోది, ఆ ఫోలిక్ ఆసిడ్‌కు ఎదురు పనిచేసే అమినోప్టెరిన్. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీన్ని రక్తక్యాన్సర్ ఉన్న చిన్నారులకు ఇచ్చారు. 1948లో ప్రచురించిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందుకూ లొంగని జబ్బు అది. నేటి మెథోట్రెక్సేట్ దాని సోదర మందు.

మూడోది హెట్రజాన్. మన గోదావరి జిల్లాలకు తరతరాలుగా తెలిసిన బోదకాలు వ్యాధిపై పనిచేసే డీఈసీ ఇదే.

నాలుగోది ఆరియోమైసిన్. మన కథకు అసలు మలుపు ఇక్కడుంది.

మట్టిలో దొరికిన బంగారం

అప్పటికి పెన్సిలిన్ వచ్చింది కానీ అన్ని బ్యాక్టీరియాలకూ అది పనిచేయదు. టైఫస్ లాంటి జ్వరాలకు మందు లేదు. మట్టిలో బతికే సూక్ష్మజీవుల్లో మరో మందు దొరకవచ్చని సుబ్బారావు బృందం నమ్మింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను, డెబ్బై ఏళ్లు దాటిన ఆ పెద్దాయనను, లెడర్లీకి తెచ్చుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బార్న్ పొలంలోని 23వ మడి నుంచి వచ్చిన మట్టిలో పసుపు బంగారు రంగుతో ఒక సూక్ష్మజీవి పెరిగింది. అది తయారుచేసే పదార్థం అనేక రకాల బ్యాక్టీరియాలను ఆపింది. లాటిన్‌లో బంగారాన్ని సూచించే మాటతో దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. రసాయన నామం క్లోర్‌టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటి మందు. నోటితో మింగితే చాలు, సూది అక్కర్లేదు.

1948 జులైలో న్యూయార్క్‌లో దీని ఫలితాలను ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే, 53 ఏళ్ల వయసులో, నిద్రలో గుండెపోటుతో సుబ్బారావు మరణించారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. తన బృందాల పత్రాల్లో చాలావాటి మీద తన పేరు పెట్టుకోలేదు. ఆయన పేరు చిరకాలం తక్కువమందికి తెలియడానికి అదొక కారణం. తర్వాత ఒక శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో, శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం రేగినప్పుడు జనం క్యూలు కట్టి కొనుక్కున్న టెట్రాసైక్లిన్, ఆయన నాయకత్వంలో మొదలైన ఆ కుటుంబానిదే.

కోడిపిల్లల ప్రయోగం

సుబ్బారావు పోయి కొన్ని నెలలైంది. లెడర్లీలోనే పనిచేసే రాబర్ట్ స్టాక్‌స్టాడ్, థామస్ జూక్స్ అనే శాస్త్రవేత్తలు కోడిపిల్లల పెరుగుదలకు కావాల్సిన విటమిన్ బీ12 కోసం చవకైన వనరు వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తయారయ్యాక తొట్టెల్లో మిగిలే పిప్పిలో బీ12 ఉంటుంది. ఆ పిప్పిని దాణాలో కలిపి పెట్టారు. పిల్లలు అనుకున్నదానికంటే వేగంగా పెరిగాయి. ఒక్క బీ12 వల్లే అయితే అంతగా పెరగకూడదు. తేడాకు కారణం పిప్పిలో మిగిలిన కొద్దిపాటి ఆరియోమైసిన్ అని తేలింది.

1950లో ఈ సంగతి ప్రకటించగానే అమెరికా పత్రికలు మొదటి పేజీలో వేశాయి. 1951లో అక్కడి ప్రభుత్వం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడానికి అనుమతి ఇచ్చింది. జబ్బు లేకపోయినా, పశువైద్యుడు చూడకపోయినా, రోజూ చిటికెడు మందు దాణాలో కలపడం అలవాటైంది. తక్కువ మేతతో ఎక్కువ మాంసం వస్తుంటే ఏ రైతు కాదంటాడు? యుద్ధానంతరం చవకగా మాంసం, గుడ్లు దొరకడమే అప్పటి అవసరం. 1955లో ఇంకో అడుగు పడింది. కోసిన కోళ్లను అమ్మే ముందు ఇదే మందు కలిపిన నీళ్లలో ముంచితే త్వరగా పాడవవని దానికీ అనుమతి ఇచ్చారు. 1966లో ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నారు.

ఇందులో సుబ్బారావు బాధ్యత ఎంత? న్యాయంగా చెప్పాలంటే ఆయన వెతికింది రోగి కోసం. దాణా ప్రయోగం జరిగేనాటికి ఆయన లేరు. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. మందు కనిపెట్టినవారి చేతిలో దాని వాడకం ఉండదు. అది ఎవరి చేతుల్లోకి వెళుతుందో వాళ్ల మీద ఉంటుంది. ఆ చేతుల్లో డాక్టర్లవి, పశువైద్యులవి, రైతులవి, కొనుక్కు తినే మనవి కూడా ఉన్నాయి.

బోస్టన్ శివార్ల నుంచి వచ్చిన హెచ్చరిక

సుబ్బారావు చదువుకున్న బోస్టన్ దగ్గర్లోనే 1970లలో స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు ఒక ప్రయోగం చేశారు. ఒక కుటుంబం పెంచుతున్న కోళ్లలో సగానికి ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా, మిగతా సగానికి మామూలు దాణా పెట్టించారు. మందు తిన్న కోళ్ల పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా దాదాపు వారంలోనే ఆ మందుకు లొంగకుండా తయారైంది. నెలలు గడిచేసరికి ఆ ఇంటి మనుషుల పేగుల్లోనూ అలాంటి మొండి బ్యాక్టీరియా కనిపించింది. వాళ్లు ఆ మందు మింగలేదు. 1976లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

దాని తర్వాత దేశాలు మెల్లగా మేల్కొన్నాయి. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో పూర్తిగా ఆపేసింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో అదే పని చేసింది. మన దేశం 2019లో కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడకుండా నిషేధించింది. ఐసీయూలో వేరే ఏ మందూ పనిచేయనప్పుడు మా చేతిలో మిగిలే చివరి మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్ని కోళ్ల దాణాలో వాడటం అంటే ఇంటి తాళాన్ని దొంగకే అప్పగించడం.

అవశేషం అంటే ఏమిటి?

పశువుకు జబ్బు చేస్తే మందు వాడాల్సిందే. గేదెకు పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ ఇవ్వకుండా వదిలేయడం తప్పు. అయితే ఆ మందు ఒంట్లోంచి బయటికి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపు పితికిన పాలలో, పెట్టిన గుడ్డులో, కోసిన మాంసంలో కొంత మిగులుతుంది. అదే అవశేషం. అందుకే మందు ఆపిన తర్వాత ఇన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదు అని ఒక గడువు ఉంటుంది. 2012లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం ఆ గడువును పశువుల మందు లేబుల్ మీద రాయాలి. నిర్దిష్టమైన గడువు తేలని మందులకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. చేపలకైతే 500 డిగ్రీ రోజులు. అంటే రోజువారీ నీటి ఉష్ణోగ్రతలు కలుపుకుంటూ పోతే మొత్తం 500 కావాలి. 28 డిగ్రీల చెరువులో అది సుమారు 18 రోజులు.

మిగిలితే ఎంత వరకు ఫర్వాలేదు? టెట్రాసైక్లిన్ల ఉదాహరణే చూద్దాం. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాల ప్రకారం లీటరు పాలలో 100 మైక్రోగ్రాములు, కిలో మాంసంలో 200, కిలో గుడ్లలో 400 మించకూడదు. జీవితాంతం రోజూ తీసుకున్నా హాని ఉండదనుకునే మోతాదు శరీర బరువులో కిలోకు 30 మైక్రోగ్రాముల వరకు. 20 కిలోల పాపకు అది రోజుకు 600 మైక్రోగ్రాములు. ఆ పాప అర లీటరు పాలు తాగి, ఒక గుడ్డు, 100 గ్రాముల చికెన్ తింటే, అవన్నీ గరిష్ఠ పరిమితి అంచున ఉన్నా, లోపలికి వెళ్లేది సుమారు 90 మైక్రోగ్రాములే. కాబట్టి పరిమితి పాటించిన ఆహారంతో భయపడాల్సిన పనిలేదు. పరిమితి పాటించనప్పుడే చిక్కు.

అన్ని మందులకూ ఈ లెక్క వర్తించదు. పెన్సిలిన్ పడనివారికి కొద్దిపాటి అవశేషం కూడా ఇబ్బంది పెట్టవచ్చు. క్లోరాంఫెనికాల్ అరుదుగా కొందరిలో ఎముక మజ్జను పూర్తిగా దెబ్బతీస్తుంది. ఎంత తక్కువైతే క్షేమమో చెప్పలేం కాబట్టి దానికి పరిమితి పెట్టలేదు, ఆహార జంతువులకు వాడకమే నిషేధం. నైట్రోఫ్యూరాన్లదీ అదే వరస.

కాస్తంత మందు నిత్యం చెరువుల్లోకి, పేడలోకి, పొలాల్లోకి చేరుతుంటే బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. అసలు పెద్ద ప్రమాదం ఇదే. రేపు మీ ఇంట్లో ఎవరికైనా మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, కల్చర్ రిపోర్టులో వరసగా రెసిస్టెంట్ అని రావడానికి ఇదీ ఒక దారి.

రంగు చెప్పే నిజం

పాలలో మందును మొదట పట్టుకున్నది పెరుగు, జున్ను తయారీదారులే. మందు ఉన్న పాలలో తోడు వేసిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పాలు తోడుకోవు. అలాగని మీ ఇంట్లో పెరుగు తోడుకోనప్పుడల్లా పాలవాడిని అనుమానించకండి. చలి, పాత తోడు, పాలు మరీ వేడిగా ఉండటం వల్ల కూడా అలా జరుగుతుంది.

డెయిరీల్లో ఇదే సూత్రంతో పరీక్ష చేస్తారు. చిన్న గొట్టంలో హానిలేని బ్యాక్టీరియా, ఊదారంగు ఉంటాయి. అందులో కొన్ని చుక్కల పాలు వేసి దాదాపు మూడు గంటలు 64 డిగ్రీల వేడిలో ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగితే ఆమ్లం పుట్టి రంగు పసుపుకు మారుతుంది. మందు ఉంటే పెరగదు, ఊదారంగు అలాగే ఉండిపోతుంది. నిమిషాల్లో ఫలితం చెప్పే స్ట్రిప్ పరీక్షలూ వచ్చాయి. వీటిలో అనుమానం వస్తే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ప్రయోగశాలకు పంపి ఏ మందు, ఎంత అన్నది తేలుస్తారు. నూరేళ్ల కిందట ఫిస్క్, సుబ్బారావులు నీలిరంగు చూసి ఫాస్ఫరస్ కొలిచిన రోజుల నుంచి యంత్రాలు ఎంతో మారాయి. కానీ కంటికి కనిపించనిదాన్ని కనిపించేలా చేసి, అంకెల్లో తేల్చాలన్న పట్టుదల ఒక్కటే.

మన పాలు ఎలా ఉన్నాయి? ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసింది. వాటిలో 77 నమూనాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితిని దాటాయి. వందకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. కంగారుపడి పిల్లలకు పాలు మాన్పించేంత లేదు, పట్టించుకోకుండా వదిలేసేంత తక్కువా కాదు.

మళ్లీ భీమవరం

సుబ్బారావు పుట్టిన ఊరు ఇప్పుడు రొయ్యల సాగుకు పెట్టింది పేరు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఇక్కడి రొయ్యలు అమెరికాకు, ఐరోపాకు వెళతాయి. విదేశీ రేవుల్లో పరీక్షించినప్పుడు నిషేధిత యాంటీబయాటిక్ జాడ కనిపిస్తే కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువుల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. క్లోరాంఫెనికాల్ విషయంలో వాళ్లు చాలాకాలం పాటించిన కొలత కిలోకు 0.3 మైక్రోగ్రాము. కిలోలో వందకోట్లో వంతు కంటే కూడా తక్కువ. అందుకే పట్టుబడికి ముందే నమూనా ఇచ్చి పరీక్ష చేయించుకోవడం రైతుకు తప్పనిసరి అయింది.

ఎగుమతి సరుకుకు ఇంత కాపలా ఉన్నప్పుడు మన బజారులో అమ్మే సరుకుకూ అంతే కాపలా ఉండాలని అడగడం వినియోగదారుల హక్కు. రైతును ఒక్కడినే దోషిని చేసి లాభం లేదు. చెరువులో జబ్బు వస్తే లక్షలు పోతాయి. ఆ భయంలో ఎవరు ఏ డబ్బా ఇచ్చినా పోస్తాడు. మంచి పిల్ల, శుభ్రమైన నీరు, తగిన సాంద్రత, దగ్గర్లో పరీక్ష చేసే ల్యాబ్, సలహా ఇచ్చే నిపుణుడు ఉంటే మందు అవసరమే తగ్గుతుంది. కోళ్ల ఫారాల్లోనూ అంతే. టీకాలు, గాలి వెలుతురు, శుభ్రత సరిగ్గా ఉన్నచోట మందుల ఖర్చు తగ్గుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

* పాలు, గుడ్లు, చేపలు మానకండి. వాటిలోని ప్రొటీన్ పిల్లలకు, గర్భిణులకు అవసరం. మానేస్తే వచ్చే నష్టమే ఎక్కువ.

* మాంసం, గుడ్లు బాగా ఉడికించండి. పాలు మరగకాయండి. మొండి బ్యాక్టీరియా చస్తుంది. మందు అవశేషం మాత్రం పూర్తిగా పోదు. టెట్రాసైక్లిన్ కొంత తగ్గుతుంది, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు ఉడికినా నిలుస్తాయి. కాబట్టి వంటతో అన్నీ సరిపోతాయనుకోవద్దు.

* పచ్చిమాంసం కోసిన కత్తిపీట, పలక మీద వెంటనే కూరగాయలు తరగకండి. సబ్బుతో కడిగాకే వాడండి. చేతులూ అంతే.

* లివర్, కిడ్నీల్లో మందు ఎక్కువగా పేరుకుంటుంది. టెట్రాసైక్లిన్ల పరిమితి మాంసంలో 200 అయితే లివర్‌లో 600, కిడ్నీలో 1,200. అప్పుడప్పుడు తింటే ఫర్వాలేదు. బలం వస్తుందని పిల్లలకు రోజూ పెట్టడం వద్దు.

* విడిపాలు పోయించుకునేవారు పాలవాడితో మాట్లాడండి. గేదెకు జబ్బు చేసినప్పుడు ఆ రోజుల పాలు పోయవద్దని, ఆ నష్టంలో కొంత మీరు భరిస్తామని చెప్పండి. నిజం చెప్పినందుకు నష్టపోతానన్న భయం పోతే నిజమే చెబుతాడు.

* ఇంట్లో పాడి ఉంటే పశువైద్యుడు రాసిన మందే, చెప్పినన్ని రోజులే వాడండి. ఇచ్చిన తేదీ, గడువు ముగిసే తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. ఒక్క చన్నుకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ ఆపాలి.

* మనుషుల మాత్రలు కోళ్ల నీళ్లలో కలపకండి. మిగిలిన మందులను చెరువులో, కాలువలో పారబోయకండి.

* జలుబుకు, వైరల్ జ్వరానికి దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొనకండి. కోళ్ల ఫారాన్ని తప్పుపట్టే ముందు మన మందుల డబ్బా చూసుకోవాలి. అక్కడ జరిగేదీ ఇక్కడ జరిగేదీ ఒకటే పొరపాటు.

సంగ్రహణితో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న ఒక మనిషి, మందు లేక ఎవరూ చనిపోకూడదన్న పట్టుదలతో తన ఇల్లు, ఊరు, పేరు అన్నీ వదులుకుని పనిచేశారు. మందు ఉండి కూడా అది పనిచేయక మనుషులు పోయే రోజులు రాకుండా చూడటం ఆ మందులతో బతికిన మన వంతు. స్క్రబ్ టైఫస్ రోగికి డాక్సీసైక్లిన్ ఇస్తే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. మన మనవల కాలంలోనూ అది అలాగే దిగాలి.